తేనెటీగ ఒక్కసారే ఎందుకు కుడుతుంది

ఒకప్పుడు తేనెటీగకు కోపం చాలా చవక. విసుగొస్తే చాలు, కుట్టేది. మళ్ళీ మళ్ళీ కుట్టేది. కుట్టించుకున్నవాళ్ళు ఏడుస్తుంటే, ఏమీ ఎరగనట్టు పోయి పువ్వు మీద కూర్చునేది.

ఆ రోజుల్లో ఎక్కడో దూరదేశంలో, ఒక కొండ ఊళ్ళో, అరిస్తోను అనే ముసలి బిషప్ ఉండేవాడు. బిషప్ అంటే ఆ ఊరి క్రైస్తవ సంఘానికి పెద్ద. పేరుకే పెద్ద. తినేది ఎండు రొట్టె, కప్పుకునేది పాత గొంగళి. ఇంట్లో గదులన్నీ రోగులకిచ్చేసి తాను వంటింట్లో పడుకునేవాడు. దిక్కులేనివాళ్ళు ఎవరొచ్చినా అక్కడ ఒక చాప, ఇంత గంజి, దగ్గుకు కాస్త తేనె దొరికేవి.

ఆ తేనె పెరట్లో మట్టికుండల్లో కాపురమున్న ఈగలది. ఊరందరినీ కుట్టే ఈగలు ఆయన్ని మాత్రం కుట్టేవి కావు. వాటికి చూపుకంటే వాసనే గుర్తు. పొగా గొర్రెబొచ్చూ కలిసిన ఆ గొంగళి వాసన రాగానే, "అయ్యగారొచ్చారు, జరగండి" అనుకునేవి.

ఒక చలికాలం సాయంత్రం గొర్రెలకాపరి ఒకడు వణుకుతూ గుమ్మంలో నిలబడ్డాడు. బిషప్ తన గొంగళి తీసి అతనికి కప్పాడు.

"మరి మీకో అయ్యగారూ?" అన్నాడు కాపరి.

"నాకు పొయ్యి ఉందిలే నాయనా, వెళ్ళిరా."

కాపరి అటు వెళ్ళాడో లేదో, లోపల లోయి అనే చిన్నపిల్లకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఊపిరాడలేదు. తేనె గిన్నె చూస్తే ఖాళీ. బిషప్ ఉన్నపళంగా పెరట్లోకి పోయి కుండలో చెయ్యి పెట్టాడు.

"ఎవరిదీ చెయ్యి? గొంగళి వాసన లేదే" అంది కాపలా ఈగ.

"అయితే దొంగే" అంది రాణి ఈగ.

"ఒకసారి అడగొద్దా?" అంది ఒక ముసలి ఈగ.

"ముల్లున్నవాళ్ళకి అడగడమెందుకు?" అంది రాణి.

అన్నీ ఒక్కుమ్మడిగా మీదపడ్డాయి. ముసలాయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. తేనెపట్టు ముక్క తెంపుకునే తీశాడు. "నేనేనమ్మా" అన్నాడు మెల్లగా.

ఆ గొంతు విని ఈగలు బిక్కచచ్చిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

తేనె లోయికి అందింది, దగ్గు తగ్గింది. బిషప్ మాత్రం తెల్లారేసరికి కన్నుమూశాడు. పోతూ పోతూ, "ఈగల్ని ఎవరూ ఏమీ అనకండి, పాపం" అన్నాడు. ఆయన తిట్టి ఉంటేనే వాటికి కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు గాలిలో గొంగళి వాసన వచ్చింది. ఈగలన్నీ ఆశగా ఎదురెళ్ళాయి. గొంగళిలో ఉన్నది కాపరి. "నాకు చలేస్తోందని ఇచ్చేశారు" అని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. తాము ఎంత మంచిపనికి శిక్ష వేశాయో వాటికి అప్పుడు తెలిసింది.

రాణి ఈగ దేవుడి దగ్గరికి పోయింది. "ప్రభువా, మా ముల్లు పీకెయ్యి."

"అదీ లేకపోతే మీ పిల్లల్ని ఎలా కాచుకుంటారు?" అన్నాడు దేవుడు.

"అయితే దాన్ని చవగ్గా ఉంచకు. కుట్టిన ఈగ బతక్కూడదు. అప్పుడైనా వచ్చినవాళ్ళెవరో చూసుకుంటాం."

దేవుడు సరేనన్నాడు.

బిషప్ ఇల్లు రోగులకే ఉండిపోయింది. ఈగలు తేనె ఇస్తూనే ఉన్నాయి.

అప్పటినుంచే తేనెటీగ ఎవరు దగ్గరికొచ్చినా జుమ్మంటూ చుట్టూ తిరుగుతుంది, నువ్వెవరని అడుగుతూ. ఒక్కసారి కుట్టిందా, ముల్లు అక్కడే దిగబడిపోతుంది. ఈగ కాస్త దూరం ఎగిరి, నేలరాలి చచ్చిపోతుంది.