దాలమ్మ కట్ట

ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. ఊఁ కొట్టనివాళ్ళు కూడా రండి గానీ, మధ్యలో కునికితే మళ్ళీ మొదటినుంచి చెప్పమని నన్ను అడక్కండి.

అనగనగా, కాలవ మీద తాటిదుంగే వంతెన అయిన రోజుల్లో, తూడుపాలెం అని ఒక పల్లపు ఊరు ఉండేది. ఊరి చుట్టూ మడులు, మడుల చుట్టూ నీళ్ళు. గింజ విసిరితే మొలిచే నేల. ఆ ఊరికి ఒక్కటే లోటు. ఉన్న నేలకి సరిపడా చేతుల్లేవు.

అందుకని ఏటా ఆషాఢంలో పైనుంచి జనం దిగేవాళ్ళు. పైనుంచి అంటే ఆకాశం నుంచి కాదులెండి. ఉత్తరాన కొండలవారన మెట్టదేశం నుంచి. ఊడ్పులకి దిగేవాళ్ళు, ఊడ్పులయ్యాక ఎక్కిపోయేవాళ్ళు. వాళ్ళ యాస విని ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళు నాటిన మడి చూసి మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

అలా దిగినవాళ్ళలో దాలమ్మ ఒకతి. మొగుడు పోయాడు. ఉన్నదల్లా ఒక్క గుంట. గుంట అంటే వాళ్ళ మాటలో ఆడపిల్ల. పేరు పైడి. దాలమ్మ నాటుతుంటే పైడి పక్కనే నారు కట్టలు పట్టుకుని నిలబడేది. ఆ కట్టలకి దాలమ్మ ముడి వేరే. తాటినారతో రెండు మెలికలు వేసి, కొసని లోపలికి దోపేది. ఎంత ఊపినా ఊడదు, బొటనవేలితో నెడితే చాలు, విడిపోతుంది.

ఒక ఏడు ఊడ్పులు అయిపోయాయి. మూటలు కట్టుకుని అందరూ బయల్దేరే పొద్దున, దాలమ్మ తాటిదుంగ మీద జారి కాలవలో పడింది. కాలు విరిగింది. ఇక నడక ఎక్కడిది? వాళ్ళ దేశం చేరాలంటే ఎన్నో ఏళ్ళు దాటాలి. ఏళ్ళంటే ఏర్లు, సంవత్సరాలు కాదు. మనిషిని మోసుకుపోదామంటే వరదలు ముంచుకొస్తున్నాయి.

"వచ్చే ఊడ్పులకి వొచ్చి తీసుకుపోతాం, నువ్విక్కడే ఉండు," అన్నారు బృందంలో పెద్దవాళ్ళు.

పైడి తల్లిని వదల్లేదు. ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పట్టింది. అప్పుడు దాలమ్మ మిగిలిన నారుతో ఒక కట్ట కట్టి గట్టు మీద పెట్టింది.

"సూడు గుంటా. మన దేశంలో ఊడ్పులప్పుడు రావాల్సినోల్లు ఇంకా రాకపోతే ఏటి సేస్తాం? ఆల్ల పేరున గట్టు మీద ఒక కట్ట ఉంచుతాం. నాను కూడా ఏటా ఉంచుతాను. కట్ట పచ్చగా ఉందంటే మీ అమ్మ ఉన్నట్టే," అంది.

పైడి కట్టని చూసింది, తల్లిని చూసింది, మేనత్త చెయ్యి పట్టుకుని దుంగ దాటింది. అవతలి గట్టున మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచింది. దాలమ్మ కూడా చూస్తూనే ఉంది. ఆ మలుపు దగ్గర మనుషులు కనబడకుండా పోయాక కూడా చాలాసేపు చూసింది.

దాలమ్మని తన పాకలో పెట్టుకున్నది వరాలు. వరాలు ఊళ్ళో కూలిమనిషి, నోరు దురుసు, చెయ్యి మంచిది. పసరు కట్టింది, గంజి పోసింది. కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. గట్టు మీద నడవాలంటే దాలమ్మకి కర్ర కావాలి. మడిలోకి దిగితే అక్కర్లేదు. నాటేవాళ్ళు వెనక్కి కదా నడుస్తారు. బురదలో ఆ వంకర కాలు ఈడ్చుకుంటూ వెనక్కి వెనక్కి పోతుంటే, ఇద్దరి పని ఒక్కతే చేసేది. ఎప్పుడూ ఉత్తరానికి మొహం పెట్టి నాటేది. ఒక్కో కుదురుకి ఒక్కో అడుగు తన దేశానికి దూరమయ్యేది. అయినా మొహం అటే ఉండేది.

ఇదిలా ఉండగా ఊళ్ళో గొడవ మొదలైంది.

రచ్చబండ దగ్గర కూలివాళ్ళు లేచారు. "పైవాళ్ళు మూడు మానికల గింజలకే వంగుతుంటే మాకు నాలుగు మానికల కుంచం ఎవరిస్తారు? మా కడుపు కొట్టడానికా వాళ్ళొచ్చేది?" అన్నారు. అలా అన్నవాళ్ళలో వరాలు గొంతే పెద్దది. రైతులు లేచారు. "పోయినేడు వాళ్ళూ కుంచం అడిగారు. మెతగ్గా ఉంటే మెడకెక్కుతున్నారు," అన్నారు. ఏ పనీ లేనివాళ్ళు కూడా లేచారు. "వాళ్ళ యాస మన పిల్లలకి అంటుకుంటోంది, ఏమిటి అనడం మాని ఏటి అంటున్నారు," అన్నారు. ముగ్గురికీ మూడు కోపాలు. ముగ్గురిదీ ఒకటే మాట, పైవాళ్ళు వద్దు.

"మరి దాలమ్మో?" అన్నారెవరో.

"దాలమ్మ మనదే కదా," అన్నాడు ఊరిపెద్ద సోమరాజు. ఇద్దరి పని చేసే మనిషి మనదవడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.

ఆషాఢం వచ్చింది. పైవాళ్ళు వచ్చారు. వచ్చి చూస్తే తాటిదుంగ లేదు. లాగేశారు. ఇవతలి గట్టున ఊరు ఊరంతా నిలబడి ఉంది.

"ఈ ఊళ్ళో మీకు పని లేదు, పొండి," అన్నాడు సోమరాజు.

"పోతాం బాబూ. మా దాలమ్మని పంపీయండి, పోతాం," అన్నారు వాళ్ళు.

సోమరాజు ఆలోచించాడు. ఉందంటే తీసుకుపోతారు. తీసుకుపోతే ఉన్న ఒక్క మంచి చెయ్యీ పోతుంది.

"దాలమ్మ చచ్చిపోయింది," అన్నాడు.

అక్కడ నిలబడ్డ ఒక్కరూ నోరు విప్పలేదు. వరాలూ విప్పలేదు. అప్పటికి దాలమ్మ ఊరి లోపలి మడిలో వంగి నాటుతోంది. సాయంత్రం కాగానే గట్టు మీద ఒక కట్ట ఉంచి, కర్ర పట్టుకుని సోమరాజు వాకిట్లోకి వచ్చింది.

"మావోల్లు వొచ్చినారా బాబూ?"

"రాలేదు."

దాలమ్మ "అయితే దార్లో ఉన్నారు," అంది.

ఆ ఏడు ఊరివాళ్ళే ఊడ్చుకున్నారు. రైతుల కోడళ్ళు దిగారు, కొడుకులు దిగారు. మూడో పూటకే నడుములు పట్టేసి, ఇళ్ళల్లో నువ్వుల నూనె నిండుకుంది. సగం మడులు నాటేసరికి మిగిలిన నారు ముదిరిపోయింది. ముదురు నారు పిలక వెయ్యదు. సగం పంటే చేతికొచ్చింది.

పట్టుదల మాత్రం తగ్గలేదు. రెండో ఏడూ దుంగ లాగేశారు. పైవాళ్ళలో చాలామంది ఇక ఆ దారి రాలేదు గానీ, పైడి మేనత్తని వెంటబెట్టుకుని వచ్చింది. కాలవకి అవతల నిలబడి అరిచింది.

"మా అమ్మని ఎక్కడ కప్పెట్టినారో అదైనా సూపించండి. గుప్పెడు మట్టేసి పోతాను."

ఇవతలివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఆ పిల్ల దుంగ ఉండే చోట కూర్చుని పొద్దు వాలేదాకా ఏడ్చి లేచిపోయింది. ఆ సాయంత్రం కూడా దాలమ్మ లోపలి గట్టు మీద కట్ట ఉంచింది. సోమరాజు వాకిట్లోకి వచ్చింది.

"మావోల్లు వొచ్చినారా బాబూ?"

"రాలేదు."

"అయితే దార్లో ఉన్నారు."

సోమరాజు ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు.

మూడో ఏటికి మడుల్లో తుంగ మొలిచింది. గాదెల్లో అడుగు కనిపించింది. కోడళ్ళు పుట్టిళ్ళకి పోయి రామన్నారు. కూలివాళ్ళకి కుంచం ఇస్తామన్నారు, కుంచమున్నర ఇస్తామన్నారు. ఇచ్చి ఏం లాభం? ఉన్నవాళ్ళకి ఉన్నవి రెండేసి చేతులే. అప్పుడు తెలివొచ్చింది. దుంగ మళ్ళీ వేశారు. కాలవ గట్టున డప్పు కొట్టించారు, రండి, అందరికీ కుంచమే ఇస్తాం అని. పొమ్మన్నప్పుడు పోయినవాళ్ళు రమ్మన్నప్పుడు వస్తారా? అవతలి గట్టు వెంబడి జట్లు జట్లుగా వేరే ఊళ్ళకి పోతున్నారు. ఒక్కరూ ఇటు తిరగలేదు.

దాలమ్మ మూడోసారి సోమరాజు వాకిట్లోకి వచ్చింది.

"మావోల్లు వొచ్చినారా బాబూ?"

సోమరాజుకి ఈసారి రాలేదన్న మాట నోట్లోంచి రాలేదు. తలొంచుకున్నాడు.

దాలమ్మ పాకకి తిరిగొచ్చింది. వరాలు పొయ్యి ముందు కూర్చుని ఉంది. దాలమ్మ అడగలేదు. వరాలే చెప్పేసింది.

"వచ్చారే. రెండేళ్ళూ వచ్చారు. నువ్వు చచ్చిపోయావని చెప్పారు. నేనక్కడే ఉన్నాను. నాకు నోరు రాలేదు. మొదట కోపంతో ఊరుకున్నాను. తర్వాత నువ్వు పోతే ఈ పాకలో ఒక్కదాన్నే ఎలా ఉండాలా అని ఊరుకున్నాను. నన్ను కొట్టు, దాలమ్మా."

దాలమ్మ కొట్టలేదు, తిట్టలేదు.

"నా గుంట ఏడిసిందా?" అంది.

"ఏడ్చింది. దుంగ ఉండే చోట కూర్చుని పొద్దు వాలేదాకా ఏడ్చింది."

"ఎదిగిందా?"

"నీ అంత ఎదిగింది. నీ నడుమే, నీ నిలబడే తీరే."

అప్పుడేడ్చింది దాలమ్మ. మూడేళ్ళు దాచుకున్నదంతా ఏడ్చింది. వరాలు కూడా ఏడ్చింది. పొయ్యి మీద గంజి పొంగి మంట ఆరిపోయినా ఇద్దరూ చూసుకోలేదు.

దాలమ్మకి తెలిసిపోయిందని విని సోమరాజు వాళ్ళ దేశానికి బండి కట్టిస్తానన్నాడు. దాలమ్మ ఒప్పుకోలేదు.

"నా గుంట ఏ దారిన పోతోందో నాకు తెల్దు బాబూ. దార్లో ఉన్నోల్లకి ఎదురెల్తే తప్పిపోతాం. ఉన్నసోట ఉంటేనే కలుస్తాం. నాకు ఆ కాలవ గట్టు మడి ఇయ్యండి. అదే ముందు ఊడుస్తాను," అంది.

కాలవ గట్టు మడి అంటే ఊరికి చిట్టచివరి మడి. అవతలి గట్టు మీద పోయేవాళ్ళకి అరచేతిలా కనబడుతుంది. దాలమ్మ అందులో దిగింది. వాన పడుతూనే ఉంది. మొహం ఉత్తరానికి, నడక వెనక్కి. అవతలి గట్టున జట్టు పోయినప్పుడల్లా నడుమెత్తి చూసేది. ఆ జట్టు మలుపు తిరిగాక మళ్ళీ వంగేది. సాయంత్రం కాగానే, రెండు మెలికలు వేసి కొస లోపలికి దోపి, గట్టు మీద ఒక కట్ట ఉంచేది. తెల్లారి పాత కట్ట నాటేసి, సాయంత్రం కొత్తది ఉంచేది.

తడిసి తడిసి జ్వరం తగిలింది. వరాలు వద్దంది. దాలమ్మ వినలేదు. ఆఖరికి వరాలు కూడా పక్కన దిగింది. వరుసలో ఇద్దరూ ఉత్తరానికే మొహం పెట్టి నాటారు.

ఒక సాయంత్రం దాలమ్మ కట్ట కట్టింది. గట్టు ఎక్కే ఓపిక లేదు. వరాలు చేతికిచ్చింది. "వేర్లు ఇటు, ఆకు అటు పెట్టు. అటునుంచి పచ్చగా అవుపడాల," అంది. వరాలు అలాగే పెట్టింది. పాకకి మోసుకొచ్చేలోపు దారిలోనే, వరాలు వీపు మీదే, దాలమ్మ ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున అవతలి గట్టు మీద ఒక జట్టు పోతోంది. అందులో పైడి ఉంది. ఈ ఊరి వైపు చూడకూడదని తల తిప్పుకునే నడుస్తోంది. మలుపు దగ్గర మాత్రం ఆగలేక ఒక్కసారి చూసింది. గట్టు మీద కట్ట ఉంది. పచ్చగా ఉంది.

పైడి మూట కింద పడేసి దుంగ మీద పరుగెత్తింది. కట్ట చేతిలోకి తీసుకుని బొటనవేలు ముడి మీద పెట్టింది. విప్పలేదు. అంతలో ఊరివాళ్ళు చేరారు. సోమరాజు ముందున్నాడు.

"మీ అమ్మ లేదు తల్లీ," అన్నాడు.

"తెలుసు బాబూ. రెండేళ్ళ కిందటే సెప్పినారు గదా," అంది పైడి. "ఈ కట్ట ఎవులు కట్టినారో అది సెప్పండి."

సోమరాజు గట్టు మీదే కూలబడ్డాడు. వరాలు ముందుకొచ్చింది.

"నిన్న సాయంత్రం కట్టింది," అంది.

పైడి కట్టని గుండెలకి హత్తుకుని నిలబడింది. వేర్ల నుంచి నీళ్ళు కారి రవిక తడిసింది. నిన్న సాయంత్రం, నిన్న సాయంత్రం అని రెండుసార్లు అనుకుంది. తర్వాత మడిలోకి దిగింది. తల్లి వరుస ఎక్కడ ఆగిందో వెతుక్కుంది. ముడి విప్పి ఉత్తరానికి మొహం పెట్టి ఆ ఒక్క కట్టా నాటింది. తెల్లారకముందే తల్లిని కప్పెట్టిన చోటు వరాలు చూపిస్తే, అక్కడ గుప్పెడు మట్టి వేసింది. కాలవలో చేతులు కడుక్కుని, దుంగ దాటి, తన జట్టుతో వెళ్ళిపోయింది. ఉండమని అడిగే మొహం ఎవరికీ లేదు.

ఆ ఏడు తూడుపాలెంలో ఆ ఒక్క మడే నిండుగా పండింది.

మరుసటేడు వరాలు తనే ఒక కట్ట కట్టి, కాలవ గట్టున వేర్లు ఇటు, ఆకు అటు ఉంచింది. పైకూలీలకీ ఊరికూలీలకీ ఒకటే కుంచం అనిపించేదాకా రచ్చబండ దగ్గర అరిచిందీ వరాలే. ఆ కట్ట చూసి ఇద్దరొచ్చారంటారు, పైఏడు పదిమంది వచ్చారంటారు. పైడి వచ్చిందా అంటే, ఒకళ్ళు వచ్చిందంటారు, ఒకళ్ళు రాలేదంటారు. నాకు తెలియదు. నేను విన్నదే చెబుతాను.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఊడ్పులు మొదలవగానే కాలవ గట్టు మీద ఒక కట్ట ఉంచుతారు. దాని పేరు దాలమ్మ కట్ట. ఎక్కడినుంచో ఎవరో కొత్త మనిషి వచ్చి ఆ కట్ట అందుకుంటే, నీది ఏ ఊరని అడగరు. ముందు అన్నం పెడతారు. ఎవరూ అందుకోకపోతే సాయంత్రం ఊళ్ళోవాళ్ళే ఉత్తరానికి మొహం పెట్టి దాన్ని నాటేస్తారు.

ఇంకో సంగతి. ఊడ్పులన్నాళ్ళూ ఆ ఊళ్ళో రాలేదన్న మాట ఎవరూ అనరు. పనివాళ్ళ కోసం గానీ, అత్తారింటి నుంచి రావాల్సిన కూతురి కోసం గానీ, వచ్చారా అని అడిగి చూడండి. పండు ముసలి దగ్గర్నుంచి పాలపళ్ళ పిల్ల దాకా అందరిదీ ఒకటే జవాబు.

దారిలో ఉన్నారు, అంటారు.