తిమ్మాంబ చేతికుండ

అనగనగా అంటే నిన్న మొన్నటి మాట కాదు. రేవులో ఎగిరే జెండా రంగు చూసి, లోపలికి రావాలో వెనుదిరగాలో ఓడలు తేల్చుకునే కాలపు మాట. ఆ కాలంలో తూర్పు సముద్రపు ఒడ్డున శుక్తిపురమనే పట్టణం ఉండేది. దానిని సుమిత్రవర్మ అనే రాజు పాలించేవాడు.

శుక్తిపురం నీలిరంగుకు పెట్టింది పేరు. అక్కడి నీలిబట్ట ఎండకు వెలవదు, ఉప్పుగాలికి చెదరదు. అందుకే రేవులో నీలి జెండా ఎగిరితే ఊరు ఆరోగ్యంగా ఉన్నదని, ఓడలు నిర్భయంగా రావచ్చునని గుర్తు.

ఆ నీలినంతటినీ అద్దేది నాగిశెట్టి అనే వర్తకుని కర్మశాలలో. అక్కడ నేలలో మెడవరకు పాతిన నలభై బానలు ఉండేవి. బానకొక మనిషి. నీలిబాన అంటే రంగునీళ్లు నింపిన పాత్ర అనుకోకండి పిల్లలారా. పెరుగుతోడు వలె అది ప్రాణమున్న వస్తువు. ఉదయం కలపాలి, సాయంత్రం కలపాలి. ఆకలిగొన్నప్పుడు తవుడు, బెల్లం వేయాలి. చలి వేస్తే చుట్టూ వెచ్చని బూడిద కప్పాలి. ఎప్పుడు ఏది కావాలో ఏ గ్రంథంలోనూ లేదు. ఏళ్ల తరబడి నీలిలో నానిన మోచేతులకే అది తెలుసు.

ఆ కర్మశాలలో ఒక ఆచారం ఉండేది. పనివారు ఏ కారణం చేత కొలువు విడిచినా, తాము పెంచిన బాన నుండి ఒక చిన్నకుండెడు నీలిని వెంట తీసుకుపోవచ్చు. దానిని చేతికుండ అనేవారు. ఎక్కడికి పోయినా ఆ తోడుతో కొత్త బానను నిలుపుకొని బతుకుతారని పెద్దల తలంపు.

ఒక యేడు వేసవి చివర మహమ్మారి వచ్చింది.

మొదట రేవు వీధిలో ఇద్దరు పడిపోయారు. తరువాత ఇరవైమంది. రాజు కోట తలుపులు మూయించాడు. రాజవైద్యుని ఆజ్ఞ మేరకు గిడ్డంగులలోని బట్టలన్నిటినీ కాల్చివేశారు. స్తంభం మీది నీలి జెండానూ దించి ఆ మంటలోనే వేశారు. అంగళ్లు మూతపడ్డాయి. వీధిలో కాకుల అరుపు తప్ప మరొకటి వినిపించని రోజులు వచ్చాయి.

నాగిశెట్టి నలభైమందినీ వాకిట నిలబెట్టాడు. ఓడలు లేని చోట అద్దకం దేనికని, అద్దకం లేని చోట మనుషులు దేనికని అన్నాడు. ఆ క్షణం నుండి ఎవరికీ కొలువు లేదన్నాడు. ఆకలి రోజులకు గింజలైనా ఇప్పించమని వారు వేడుకున్నారు.

"ఆచారం ప్రకారం తలా ఒక కుండెడు నీలి పట్టుకుపోండి. వండుకుని తినండి" అని నవ్వాడు శెట్టి.

ముప్పైతొమ్మిదిమంది కోపం పట్టలేక, పట్టుకున్న నీలిని అతని గడపలోనే పారబోసి వెళ్లిపోయారు. చివర నిలిచినది తిమ్మాంబ. ఆమెకు అరవై యేళ్లు. మోచేతుల వరకు చర్మం నీలివర్ణం. ఆమె తన కుండను కొంగు కింద దాచుకుని, ఒలకకుండా మెల్లగా నడిచి ఇల్లు చేరింది.

"అత్తా, ఊరంతా బియ్యం తెచ్చుకుంటుంటే నువ్వు కంపు నీళ్లు తెచ్చావా?" అన్నది కోడలు పోలమ్మ. ఆమె ఒడిలో మూడు నెలల పసిబిడ్డ. ఆమె భర్త ఉప్పు బండ్ల వెంట ఎగువదేశం పోయి, దారులు మూతపడి అక్కడే చిక్కుకున్నాడు.

తిమ్మాంబ కుండను పొయ్యి పక్కన బూడిదలో కుదురుగా నిలిపింది. "ఇది ఉంటే రేపు పని ఉంటుందే అమ్మాయీ" అన్నది.

ఐదవ నాడు ఆమె శెట్టి తలుపు తట్టింది. తనకు కూలి వద్దని, రోజుకు రెండుసార్లు లోపలికి వచ్చి బానలు కలిపి పోనిస్తే చాలునని, కలపకపోతే అవి చచ్చిపోతాయని చెప్పింది. శెట్టి తలుపు తీయలేదు. రోగం ఆమె పాదాల వెంట వస్తుందని, తన బానలకు ఇనుప తాళం వేసి ఉన్నదని, వాటినెవరూ ఎత్తుకుపోలేరని లోపలినుండే బదులిచ్చాడు.

నెల తిరిగాక రెండవసారి తట్టింది. ఈసారి తనకోసం కాదు. బానలకు పెట్టే తవుడు, బెల్లం కొట్టులో ఊరకే పడి ఉన్నాయి. పస్తులుంటున్న నలభై ఇళ్లకు తలా ఒక దోసెడు ఇప్పించమని అడిగింది.

ఈసారి కిటికీ రెక్క కొద్దిగా తెరుచుకుంది. "తిమ్మక్కా, నలభై ఇళ్లకు పెట్టడం మొదలుపెడితే నా ఇల్లు నలభై ఒకటవది అవుతుంది. వెళ్లు" అన్నాడు శెట్టి. రెక్క మూసుకుంది.

మూడు నెలలు దాటేసరికి ఇంట్లో నిమ్మకాయంత బెల్లం ముక్క, బియ్యపు కుండ అడుగున కొద్దిగా నూకలు మిగిలాయి. ఆ ఉదయం చేతికుండలోని నీలి మీద నురుగు లేదు. ఆకలిగొన్న నీలికి అదే గుర్తు. తిమ్మాంబ బెల్లం చేతిలోకి తీసుకుంది. పోలమ్మ చూసింది. ఆమె అరవలేదు. బిడ్డను గుండెకు అదుముకుని అన్నది:

"దానికి పెట్టే బెల్లం నాకు పెడితే దీనికి పాలు పడతాయి కదా అత్తా."

తిమ్మాంబ కుండ వైపు చాచిన చేయి వెనక్కు తీసుకుంది. పిదప బెల్లమంతా కోడలి చేతిలో పెట్టింది. నూకలు కాచి, కోడలికి పోసి, తన వంతు గంజిని రెండుగా చేసింది. సగం తాను తాగింది. సగం చల్లార్చి నీలికుండలో పోసి కర్రతో కలిపింది. ఆనాటి నుండి ఆమె, ఆ కుండ ఒకే గంజి పంచుకున్నాయి. ఆమె భుజాల ఎముకలు తేలాయి. కానీ మూడవ నాటికి నీలి మీద రాగిరంగు నురుగు తిరిగి లేచింది.

నాలుగు నెలలకు మహమ్మారి తగ్గింది. వరుసగా ఇరవై రోజులు ఎవరూ పడిపోలేదు. సరిగ్గా అప్పుడే తూర్పున పన్నెండు ఓడలు కనిపించాయి. అవి దూరంగానే లంగరు దించి ఆగాయి. నావికుల నియమం కఠినమైనది: మూడు రోజులు చూస్తారు. నీలి జెండా ఎగరకపోతే మరో రేవుకు పోతారు. గాలి మారిన తరువాత ఆ యేటికిక తిరిగి రారు. ఓడలు పోతే ధాన్యం లేదు, పని లేదు. మహమ్మారి వదిలిన వారిని ఆకలి తీసుకుపోతుంది.

జెండా కాలి బూడిదైంది. రాజు నాగిశెట్టిని పిలిపించాడు. "మూడు రోజులు. ఒక్క జెండా" అన్నాడు.

మొదటి రోజు శెట్టి తాళం తీశాడు. కర్మశాలలోనుండి వచ్చిన దుర్గంధానికి భటులు వెనక్కు తగ్గారు. నలభై బానలూ చచ్చి, మీద బూజు కట్టి ఉన్నాయి. బట్ట ముంచితే బురదరంగు వచ్చింది.

రెండవ రోజు అతడు శంఖపుష్పాలు కోయించి, నూరించి, ఆ రసంలో కోటలో మిగిలిన ఒకే ఒక్క కొత్తబట్టను ముంచి జెండా ఎత్తించాడు. పొద్దున అది నీలంగానే ఎగిరింది. జనం కేరింతలు కొట్టారు. మధ్యాహ్నానికి ఉప్పుగాలి తగిలి వెలిసిపోయింది. సాయంత్రానికి బూడిదరంగైంది. బూడిదరంగు జెండా అంటే ఊరిలో చావున్నదని అర్థం. ఓడలలో నాలుగు లంగరులెత్తి వెళ్లిపోయాయి.

మూడవ రోజు తెల్లవారగానే తిమ్మాంబ తలుపు ఎవరో తట్టారు. తీసి చూస్తే నాగిశెట్టి. వెనుక కాలినడకన వచ్చిన రాజు. ఆనాడు కుండను పారబోయక తీసుకుపోయినది ఆమె ఒక్కతేనని శెట్టికి గుర్తుకు వచ్చింది.

కుండ తన బానలోని నీలితో నిండినది కనుక అది తన సొత్తేనని శెట్టి వాదించాడు. తిమ్మాంబ కోపగించుకోలేదు. ఆచారం ప్రకారం పట్టుకుపొమ్మని ఆయనే అన్నాడని, వండుకుని తినమని కూడా అన్నాడని, తాను తినక దానికే తినిపించానని రాజుకు విన్నవించింది. రాజు శెట్టి ముఖం చూశాడు. శెట్టి తల దించుకున్నాడు.

"అమ్మా, ఇది చిన్నకుండ. జెండా ఇరవై మూరలు. అవుతుందా?" అని అడిగాడు రాజు.

"ఒక్కసారిగా అవదు ప్రభూ. జానెడేసి ముక్కలుగా ముంచి కుట్టాలి. దానికి పని తెలిసిన నలభైమంది చేతులు కావాలి. కుండకు బెల్లం, తవుడు కావాలి. చేతులు ఆకలితో వణికితే రంగు మచ్చలు పడుతుంది, కనుక ముందు వాళ్లకు అన్నం కావాలి. అన్నీ శెట్టిగారి కొట్టులో ఉన్నాయి."

రాజు చేయి చాచాడు. శెట్టి కొట్టు తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు.

ముప్పైతొమ్మిది ఇళ్లవారు వచ్చారు. చేతికుండను పారబోసిన వారే వారు. తిమ్మాంబ వారిని లోపలికి పిలిచింది. పూలరసం పట్టిన జెండాబట్టకు నీలి అంటదు కనుక, ఇంటికొక ముక్క చొప్పున ఉన్న బట్టల నుండి చింపి, ఉతికి తెచ్చారు. అన్నం తిన్నారు. పని మొదలైంది.

ఒకరు ముంచుతారు, ఒకరు ఊపిరులు లెక్కపెడతారు, ఒకరు పైకి తీసి గాలికి పడతారు. కుండలోనుండి లేతపచ్చగా వచ్చిన బట్ట గాలి తగిలి కన్నుల ముందే నీలమవుతుంది. ముక్కకు మూడు మునకలు. పోలమ్మ బిడ్డను వీపున కట్టుకుని కుట్లు వేస్తూ కూర్చుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ముప్పై ముక్కలు. పడమరకు వాలేసరికి నలభై.

తిమ్మాంబ కొలిచి చూసింది. కుట్లలో పోయినది పోగా ఇంకొక జానెడు తక్కువ. ఇక చింపడానికి ఏ ఇంటా బట్ట లేదు.

నాగిశెట్టి ముందుకు వచ్చి, తన భుజం మీది ఉత్తరీయం తీసి చింపి, ఆమె చేతిలో పెట్టాడు. "నలభై ఒకటవది" అన్నాడు మెల్లగా.

ఆమె కుండలోకి చూసింది. నురుగు పోయింది. అలసిన నీలి నల్లబడుతున్నది. అదే సమయాన కోట మీది కావలివాడు కేక వేశాడు. మిగిలిన ఎనిమిది ఓడలూ లంగరులెత్తుతున్నాయి.

ముంచమని శెట్టి బతిమాలాడు. ముంచమని రాజు కూడా అన్నాడు. తిమ్మాంబ కుండ మీద చేయి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు ముంచితే రంగు రాదు, కుండా మిగలదు. ఇది ఊపిరి తీసుకోవాలి. మీరూ తీసుకోండి ప్రభూ."

రాజు మాటకు అడ్డు చెప్పిన ఆ ముసలి చేతిని చూసి భటులు కదిలారు. రాజు వారిని ఆపాడు. తిమ్మాంబ గోరువెచ్చని నీటిలో బెల్లం కరిగించి పోసింది. వెచ్చని బూడిద చుట్టూ కప్పింది. కళ్లు మూసుకుని, చెవి కుండకు ఆనించి కూర్చుంది. తెరచాపలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. ఎవరూ కదలలేదు. పసిబిడ్డ కూడా ఏడవలేదు.

కుండలో ఒక్క బుడగ చిటుక్కుమంది. తరువాత ఇంకొకటి. రాగిరంగు నురుగు పువ్వులా విచ్చింది.

ఒక మునక. రెండు. మూడు. పోలమ్మ సూది పరుగెత్తింది. సూర్యుడు కొండ అంచును తాకుతుండగా, నలభై ఒక్క ముక్కల తడి జెండా స్తంభం మీదికి లేచింది. ఉప్పుగాలి దానిని కొట్టింది. అది మరింత నీలమైంది.

ముందున్న ఓడ తిరిగింది. వెనుకనే మిగిలిన ఏడూ తిరిగాయి.

ఆ రాత్రి గడిచి మరునాడు ఓడల నుండి ధాన్యం దిగుతుండగా, రాజు కర్మశాల వాకిట నిలిచి నాగిశెట్టిని అడిగాడు: నలభై బానలలో ఒక్కటైనా బతకలేదేమని. తాళం గట్టిగానే వేశానని శెట్టి గొణిగాడు.

"తాళం బానలకు వేశారు శెట్టిగారూ. వాటి ప్రాణం వాకిట నిలబడి గింజలడిగింది. దానిని పొమ్మన్నారు" అన్నది తిమ్మాంబ.

శెట్టి తప్పయిందని ఒప్పుకున్నాడు. రాజు ఆమెను ఏమి కావాలో కోరుకోమన్నాడు. బంగారమిస్తానన్నాడు. ఆమె ఒకే మాట కోరింది. మళ్లీ ఎన్నడు ఆపద వచ్చి కర్మశాల మూసినా, తలుపుకు తాళం పడే ముందు నలభై ఇళ్లకు గింజలు చేరాలి. రాజు దానిని శాసనంగా రాతి మీద చెక్కించి, కర్మశాల గడపకు ఎదురుగా నిలిపించాడు.

చేతికుండ అడుగున పిడికెడు నీలి మిగిలింది. దానితో తిమ్మాంబ ఏడు రోజులలో ఒక బానను తోడు వేసింది. దాని నుండి రెండు, రెండింటి నుండి నాలుగు. కార్తికం వెళ్లేసరికి నలభై బానల మీదా రాగిరంగు నురుగు లేచింది. బానకొక మనిషి మళ్లీ నిలిచారు.

కనుక పిల్లలారా, ఆపద వచ్చినప్పుడు పనిని ఆపవలసి రావచ్చు, కాని పనివారి పొయ్యిని ఆరనీయరాదు. రేపటి పనికి నిప్పు ఆ పొయ్యిలోనే దాగి ఉంటుంది.