నది మింగిన పొలం

వెనకటికి నైలు నది ఒడ్డున సెన్బి అనే రైతు ఉండేవాడు. తన తెలివి మీద అతనికే నమ్మకం లేదు. గాడిదను కొనబోయి దాన్నే సలహా అడిగే రకం తానని నవ్వుకునేవాడు.

ఆ ఏడు నది పక్కకు జరిగి అతని పొలంలో సగం మింగేసింది. కొలతల అధికారి నెబమున్ పడవలో వచ్చి, నేల కొలవకుండానే పాత శిస్తే కట్టమన్నాడు.

"సగం నదిలో కలిసిపోయింది దొరా!" అన్నాడు సెన్బి.

"నేల ఎక్కడికి పోతుందిరా? నీళ్ల కింద ఉంది. అది ఎప్పటికీ నీదే!"

ఇంట్లో తిండిగింజలు కూడా మిగలవన్న భయం సెన్బిని పట్టుకుంది. ఆ భయంలోనే గబగబా వెళ్లి అధికారి పడవను గుంజకు కట్టేశాడు.

"ఏం చేస్తున్నావురా?"

"తమరి పడవ నా పొలంలో పడింది దొరా. పశువైతే బందెలదొడ్డికి తోలేవాణ్ణి. తప్పు కట్టి విడిపించుకోండి."

"పొలమేమిటిరా మూర్ఖుడా, ఇది నది!" అని అరిచాడు నెబమున్.

ఒడ్డున చేరిన రైతులు గొల్లున నవ్వారు. అన్న మాట మింగలేక అధికారి సగం శిస్తు మాఫీ చేశాడు.

మరుసటేడు నది వెనక్కి జరిగి ఆ నేలను బయటపెట్టింది. ఈసారి నెబమున్ పడవ లేకుండా నవ్వుకుంటూ నడిచే వచ్చాడు. సెన్బి ఎంత బుర్ర గోక్కున్నా ఒక్క మాటా తట్టలేదు.

"ఉన్న తెలివంతా పోయినేడే ఖర్చయిపోయింది దొరా!" అంటూ నిండు శిస్తు కొలిచిచ్చాడు.