పనసముళ్ళ పిడి

అనగనగా పనసచెట్లు బోలెడున్న ఒక ఊళ్ళో పోలయ్య అనే వడ్రంగి ఉండేవాడు. వాడి పెళ్ళాం నూకరత్నం. పనసపొట్టు కొట్టాలంటే ఆవిడే కొట్టాలి! ఊళ్ళో ఏ పెళ్ళైనా సరే, పొట్టుకూర కోసం ముందు ఆవిడకే కబురొచ్చేది.

ఒకరోజు పోలయ్యకి పెళ్ళాం మీద ప్రేమ పొంగిపోయి, కొత్త కత్తికి తుమ్మకర్రతో పిడి చేశాడు. చిత్రిక పట్టాడు, మైనం రుద్దాడు. ఈగ వాలితే జారిపడాలి, అంత నున్నగా! "నీ బుగ్గలా ఉంది చూసుకో రత్నం," అని మురిసిపోయాడు మహానుభావుడు.

కానీ పనసకాయకి జిగురుంటుంది కదా అమ్మలూ? అది అంటకుండా చేతులకి నూనె రాసుకోవాలి. అప్పుడేమైంది? ఆ నూనె చేతిలోంచి నున్నటి పిడి సర్రున జారింది. రత్నం బొటనవేలు తెగింది.

గాయం మానింది కానీ భయం పోలేదు. కత్తి ముట్టుకుంటే చాలు, ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కునేది. పక్కింటి పెళ్ళికి పిలుపొస్తే "నావల్ల కాదమ్మా" అనేసింది. అనేసి లోపలికెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది చూసి పోలయ్య గుండె తరుక్కుపోయింది.

అప్పుడు ఇంకో పిడి చేసి, దాని మీద నెమలిని చెక్కాడు. అందంగానే ఉంది, కానీ నెమలిముక్కు ఆవిడ అరచేతిలో గుచ్చుకుంది.

ఆ తర్వాత మరో పిడి మీద సన్నటి లతలు చెక్కాడు. ఆ గీతల నిండా నూనె చేరి, అదీ జారింది.

"ఇంకేం బొమ్మ చెక్కనే?" అని తల పట్టుకున్నాడు.

రత్నానికి జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. "ముందు చేతులిలా పట్టు మావా," అని వాడి అరచేతుల్లో నూనె పోసింది. కత్తి బిగించని ఉత్తి పిడి ఇచ్చింది. టపీమని కింద పడింది. అప్పుడు ఇంత లావు పనసకాయ తెచ్చి ఇచ్చింది. అంత బరువూ జారకుండా నిలబడింది!

"ముళ్ళు పట్టుకున్నాయే!" అన్నాడు పోలయ్య.

ఇన్నాళ్ళూ పొడిచేత్తో పట్టుకు చూసుకున్నాడు వెర్రిబాగులాడు. పని చేసేటప్పుడు ఆవిడ చెయ్యెలా ఉంటుందో ఒక్కసారైనా అడిగాడు కాదు.

నాలుగో పిడికి ఉలితో అటూ ఇటూ ఏటవాలు గాట్లు పెట్టాడు. లేచిన ముళ్ళ మొనలన్నీ గుచ్చుకోకుండా అరగదీశాడు. చూస్తే అచ్చం బుల్లి పనసకాయే!

పెళ్ళినాడు మళ్ళీ పిలవకుండానే రత్నం పక్కింటికి నడిచింది. చేతులకి నూనె రాసుకుంది. కొత్త పిడి బిగించిన కత్తి పట్టుకుంది. గుమ్మంలో పోలయ్య ఊపిరి బిగబట్టాడు. టక్... టక్... ఆ తర్వాత టకటకటకా! తెల్లటి పొట్టు కుప్ప పడింది.

"ఎలా ఉందే?" అన్నాడు పోలయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు నా చెయ్యి పట్టుకున్నట్టుంది మావా."

పిడికి దొరికింది పట్టు,
పళ్ళెం నిండా పొట్టు,
కళ్ళు మూసుకో, నా మీదొట్టు!
కథేమో కంచికి, మనమేమో మంచానికి.