గిజిగాడి మూడు నమస్కారాలు

జాజిగుట్ట అడవిలో ఇప్పుడు సెల్‌ఫోన్ లేని జంతువు లేదు. పీతకు కూడా ఉంది. కాకపోతే ఫోన్లు రెండు రకాలు. చెట్ల మీద ఉండేవాళ్ళవి కొమ్మ ఫోన్లు, నేలలో ఉండేవాళ్ళవి బొరియ ఫోన్లు. ఒకదానికి రాసిన యాప్ రెండోదాంట్లో తెరుచుకోదు. ఎందుకలా అని అడిగితే చెప్పగలిగినవాడు అడవి మొత్తం మీద లేడు.

గుట్ట కింద ఒక వాగు. ఏడాదిలో పది నెలలు అందులో ఇసుకే. ఎగువ కొండల్లో వాన పడిందంటే మాత్రం ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు మీద పడతాయి. కిందటేడు ఎలుక పుల్లమ్మ అలాగే ఆరుగురు పిల్లల్ని పోగొట్టుకుంది. గింజల కోసం చేలోకి వెళ్ళి వచ్చేసరికి బొరియ లేదు, వాగు ఉంది. ఆ తల్లి ఎలా తట్టుకుందో తెలియదు.

ఈ ఏడు ఆమెకు మళ్ళీ ఏడుగురు పుట్టారు. మెరక మీదంతా రాయి, గోరు దిగదు. ఉంటే వాగు ఒడ్డునే ఉండాలి. అందుకని పుల్లమ్మ తిన్నగా ఒడ్డున ఉన్న ఈతచెట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ చెట్టు మీద గిజిగాడు ఉంటాడు. యాప్‌లు చెయ్యడం తెలిసిన పిట్ట.

"తమ్ముడూ, ఎగువన పీత ఉన్నాడు కదా. నీళ్ళు కనబడగానే వాడు మీట నొక్కితే మా అందరి ఫోన్లూ గట్టిగా మోగాలి. అంతే. చేస్తావా?"

"అదెంత పనక్కా. వానలకు ఇంకా నలభై రోజులుంది. పదిహేనులో నీ చేతిలో పెడతాను."

గిజిగాళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి బాగుందంటే మగది మిగతా సగం అల్లుతుంది. ఆడది మూతి విరిచిందా, దాన్నలాగే వదిలేసి పక్క రెమ్మకు ఇంకోటి మొదలుపెడుతుంది. వంశాచారం, మనం కాదనలేం. మనవాడు యాప్ కూడా అలాగే అల్లాడు. పీచు అనే పాత పనిముట్టుతో అయిదు రోజుల్లో బొరియ ఫోన్లకు రాసేసి, కొమ్మ ఫోన్లకు రాసే ముందు ఎవరైనా చూసి బాగుందంటారేమోనని ఆగాడు.

చూడ్డానికి వచ్చినవాడు నక్క గురవయ్య.

గురవయ్యకు పొద కింద ఒక కోచింగ్ సెంటరుంది. ఆయన చేసిన యాప్‌ను ఎవరూ చూడలేదు గానీ, యాప్‌ల గురించి ఆయన చెప్పే మాటలు అందరూ విన్నారు.

"దేనితో చేశావు నాయనా?"

"పీచుతో గురువుగారూ."

నక్క జాలిగా నవ్వింది. "ఇంకా పీచు వాడేవాళ్ళున్నారన్నమాట."

"బాగానే మోగుతోందండీ."

"మోగడానికేం, మోగుతుంది. బొరియలకు ఒకసారి, కొమ్మలకు ఒకసారి రాస్తూ కూర్చుంటావా? జోడుపిట్ట వచ్చిందిగా. ఒక్కసారి రాస్తే రెండింట్లోనూ నడుస్తుంది. పది రోజుల కోర్సు. నీ దగ్గర ఫీజు తీసుకుంటానా? చెట్టుకు ముగ్గిన ఈతపళ్ళ గెల ఒకటుంటే కింద పడెయ్, చాలు."

నక్కకు ఈతపళ్ళంటే ప్రాణం. ఆ ముళ్ళ చెట్టు ఎక్కే యోగం మాత్రం దానికి లేదు.

గెల కింద పడింది. గిజిగాడు కోర్సులో చేరాడు. జోడుపిట్టను ఫోన్లోకి ఎక్కించడానికే మూడు రోజులు పట్టింది. ఆ తరవాత ఏది నొక్కినా తెర నిండా ఎర్ర అక్షరాలు. ఒక తప్పు దిద్దితే ఎనిమిది కొత్తవి వచ్చేవి. తిండి మానేసి, ఈకలు పీక్కుని, పదో రోజుకు తెర మీద ఒక మాట తెప్పించాడు: నమస్కారం.

ఎగురుకుంటూ వెళ్ళి పుల్లమ్మకు చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"గంటేదీ?"

"గంట తరవాతక్కా. ముందు నమస్కారమే వస్తుంది. ఎక్కడైనా అంతే."

అంతలో గురవయ్య కబురు పెట్టాడు. జోడుపిట్ట రెండోది వచ్చిందట, మొదటిదాంట్లో నేర్చుకున్నదేదీ రెండోదాంట్లో పనికిరాదట. ఇంకో గెల, ఇంకో పది రోజులు, ఇంకో నమస్కారం. ఈసారి నీలం రంగులో. దాని వెనకే మెరుపు అనే పనిముట్టు దిగింది. "జోడుపిట్ట పేరు చెబితే బయట నవ్వుతారు నాయనా," అంది నక్క. మూడో గెల పడింది. ముప్ఫై అయిదో రోజున మూడో నమస్కారం వచ్చింది, కుడివైపు నుంచి జారుతూ.

పుల్లమ్మకు ఒళ్ళు మండింది. "వాగు వచ్చినప్పుడు ఫోను నమస్కారం పెడితే నా పిల్లలేం చెయ్యాలిరా, తిరిగి దణ్ణం పెట్టాలా?"

గిజిగాడు కొమ్మ మీద కూలబడ్డాడు. "నాకూ బుర్ర పనిచెయ్యడం లేదక్కా. ఒకటి చేతికి అలవాటయ్యేలోపు అది పాతదంటారు. వదలకపోతే వెనకబడిపోతానేమోనని భయం. వదిలితే మళ్ళీ అఆలు. మూడుసార్లు దిద్దాను అఆలు."

వాడి ముఖం చూసి ఆమెకు కోపం దిగిపోయింది, భయం మిగిలింది. నేరుగా అడవి అంచున నెమరు వేస్తున్న ముసలి ఎద్దు బసవన్న దగ్గరికి వెళ్ళి, జరిగిందంతా చెప్పుకుంది.

బసవన్న దేనికీ తొందరపడడు. "ఎన్ని కోర్సులయ్యాయి?"

"మూడు తాతా."

"ఎన్ని గెలలు పడ్డాయి?"

"మూడే."

ఎద్దు కాసేపు నమిలింది. "చెట్టు మీద నాలుగో గెల ముగ్గుతోందా?"

"ముగ్గుతోంది."

"అయితే నాలుగో కోర్సు కూడా ఉంటుందమ్మా."

పుల్లమ్మ మర్నాడు పొద్దున్నే బసవన్నను వెంటబెట్టుకుని కోచింగ్ సెంటరుకు వెళ్ళింది. ముంగిసలు, పందికొక్కులు, గిజిగాడు, అందరూ కూర్చుని ఉన్నారు.

"గురువుగారూ," అంది వినయంగా, "మెరుపు కూడా పాతదైపోయిందటగా. నత్తగుల్ల వచ్చిందని చెప్పుకుంటున్నారు. నిజమేనా?"

నక్క రెప్ప ఒక్కసారి కొట్టుకుంది. అంతే, సర్దుకుంది. "నిజమేనమ్మా. ఇవాళ నేనే చెబుదామనుకున్నాను."

"మీకు అలవాటేనా?"

"భలేదానివే. మూడేళ్ళుగా అదే వాడుతున్నాను."

"దాంతో గంట మోగుతుందాండీ?"

"గంటేమిటి, సన్నాయి కూడా వాయిస్తుంది. పన్నెండు రోజుల కోర్సు. గెల కాస్త పెద్దది కావాలి, పాఠాలు ఎక్కువ."

పుల్లమ్మ తన వెనక దాచిన ఒక గుల్లను తీసి అందరి మధ్యా పెట్టింది. వట్టి నత్తగుల్ల, లోపల ఇసుక. "ఇందాక వస్తుంటే వాగులో దొరికింది గురువుగారూ. ఏం పేరు చెప్పాలా అనుకుంటుంటే ఇది కాలికి తగిలింది. ఆ పేరుతో పనిముట్టేదీ లేదు."

బసవన్న నమలడం ఆపాడు.

"వేరే ప్రాంతంలో... ఆ పేరుతో..." అని నసిగి, గురవయ్య ఆ రోజుకు సెలవు ప్రకటించాడు.

గిజిగాడు సిగ్గుతో తల రెక్కలో దాచుకున్నాడు. "ఇప్పుడేది నేర్చుకోమంటావక్కా?"

"ఏదీ వద్దు. ఆ పీచుతో చేసినది ఏమైంది?"

"అది సగమేనక్కా. బొరియ ఫోన్లలోనే మోగుతుంది. కొమ్మ ఫోన్లకు ఇంకా రాయలేదు."

బసవన్న తల తిప్పాడు. "కొమ్మ మీదున్నవాడికి వాగొస్తే ఏమవుతుంది?"

గిజిగాడు ఆలోచించాడు. తను పుట్టి పెరిగిన చెట్టును గుర్తు తెచ్చుకున్నాడు. "ఏమీ కాదు తాతా. పైనుంచి చూస్తాం."

"మరి వాడికి మోగడమెందుకు?"

ముప్ఫై అయిదు రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. గిజిగాడు కూడా అడగలేదు, నేనైతే అందుకు వాణ్ణి తప్పుపట్టను. నమస్కారం తెప్పించే పనిలో ఉన్నవాడికి వాగు ఎందుకు గుర్తుంటుంది?

ఆ మధ్యాహ్నమే పుల్లమ్మ ఫోన్లో పాతది తెరిచాడు. నొక్కగానే మోగింది. రెండు రోజుల్లో ఎగువన పీత ఫోన్‌కూ, ఒడ్డున ఉన్న బొరియ ఫోన్లన్నిటికీ ఎక్కించాడు. అయినా ఇంకా ఏదో మిగిలినట్టు పుల్లమ్మ ముందే తచ్చాడుతుంటే, ఆమెకు విషయం అర్థమై, తెర వైపు చూడకుండానే "బాగుంది తమ్ముడూ" అంది. అప్పుడు గాని వాడు కదల్లేదు.

నక్క బొరియ కూడా ఆ ఒడ్డునే. గిజిగాడు అక్కడికీ వెళ్ళాడు. "పీచుతో చేసినదా? నా ఫోన్లో పెట్టుకోను నాయనా, పరువు పోతుంది," అని తలుపేసుకుంది.

ఆ తరవాత రెండో రోజు మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, ఎగువన పీత మీట నొక్కాడు. ఒడ్డు పొడుగునా ఫోన్లు ఒక్కసారిగా కేకలు పెట్టాయి. పుల్లమ్మ ఒక పిల్లను నోట కరుచుకుని మెరక మీదికి పరుగెత్తింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పరుగెత్తింది. ముంగిసలు ఇద్దర్ని, పందికొక్కులు ముగ్గుర్ని తెచ్చి పెట్టారు. ఆమె ఏడుగురినీ లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మూతితో ఒక్కొక్కరినీ తాకుతూ మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు ఏడ్చింది.

నక్క బొరియ ముందు కూర్చుని ఈ హడావుడంతా చూసి నవ్వుకుంది. "నెత్తిన ఎండ మాడ్చేస్తుంటే వాగొస్తుందట. పాత పనిముట్టు కదా, తప్పు మోగింది." లోపలికి వెళ్ళి పడుకుంది.

నీళ్ళొచ్చాయి.

కాసేపటికి గురవయ్య ఈతచెట్టు మొదలును కావిలించుకుని, ఒంటి నిండా ముళ్ళతో, తోక మాత్రం వాగులో తేలుతూ కనిపించాడు. జీవితంలో మొదటిసారి చెట్టెక్కాడు. కిందికి చూస్తే నీళ్ళు, పైకి చూస్తే గిజిగాడు.

"ఒరేయ్, నాకెందుకు మోగలేదు?"

"మీరు పెట్టుకోలేదు గురువుగారూ."

నక్క ఒక ముల్లు సర్దుకుని, అంతటి అవస్థలోనూ అంది: "కాస్త కొత్తదానితో చేసుంటే పెట్టుకునేవాణ్ణిగా."

నీతి: నేర్చుకోవలసినవి ఎప్పటికీ అయిపోవు, వాగు మాత్రం మన కోర్సు పూర్తయ్యేదాకా ఆగదు.