నెత్తిన పోసుకోలేని కరెంటు

భౌతికశాస్త్రం చెప్పే హైమవతి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. "పద, టీ తాగొద్దాం" అంటారు. శిష్యులందరికీ అలవాటే గానీ, ఆ పూట నీలాద్రికి ఒళ్లు మండిపోయింది. ఏడాదంతా కూర్చుని రాసిన అధ్యాయాన్ని ఆవిడ అడ్డంగా కొట్టేశారు మరి. అది పోతే అతని డాక్టరేటు పోయినట్టే.

"అణువులంత చిన్న వ్యవస్థల్లో శక్తి ఒక్కటే కాదు, వాటి అమరికలో ఉండే క్రమం కూడా ఖర్చుపెట్టుకోగల సరుకేనని మీరే చెప్పారు మేడమ్. చుట్టూ వేడి ఉంటే ఒకటి రెండోదానిగా మారుతుంది. ఆ మారకం రేటుతోనే క్రమాన్ని శక్తి కిందకి మార్చి, ఒకే మొత్తం వేశాను. పైగా బయటి వేడి గొడవ లేకుండా వ్యవస్థని గట్టిగా మూసేశాను. ఇందులో తప్పేముంది?"

ఆవిడ చెప్పులేసుకుని బయల్దేరారు. నీలాద్రి పళ్లు నూరుకుంటూ వెంట నడిచాడు.

దారిలో హాస్టల్ ముందు, ఖాళీ బకెట్లు పట్టుకున్న కుర్రాళ్లు వార్డెన్ పాండురంగం గారిని చుట్టుముట్టి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా నలగని ఆ పెద్దమనిషి తాపీగా సెలవిస్తున్నాడు.

"ట్యాంకర్ నీళ్లు సగానికి తగ్గించిన మాట నిజమే. బదులుగా కరెంటు పెంచాంగా. మోటారు ఎంతసేపు తిప్పుకుంటే అన్ని నీళ్లు. మొత్తం కలిపి చూసుకోండి, మీకు పోయిందేమీ లేదు."

నడివేసవిలో, గొంతు తడుపుకోవడానికి దిక్కులేని పిల్లల ముందు ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో. నీలాద్రి ఉండేదీ ఆ హాస్టల్లోనే. పక్కన గురువుగారున్న సంగతే మరిచిపోయి ముందుకు దూసుకెళ్లాడు.

"బోరుబావి ఎండిపోయింది సార్. మోటారు వేస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. మీరిచ్చిన కరెంటు నెత్తిన పోసుకోమంటారా? ఏ మొహం పెట్టుకుని దాన్ని నీళ్ల కింద జమకడుతున్నారు?"

పాండురంగం గారు మీటింగుందంటూ జారుకున్నారు. క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చున్నాక కూడా నీలాద్రి కోపం చల్లారలేదు.

"చూశారా మేడమ్ అన్యాయం. దాన్నీ ఓ లెక్కంటున్నాడు."

హైమవతి గారు టీ గ్లాసు అతని ముందుకు జరిపారు.

"బావిలో నీళ్లున్నన్నాళ్లూ ఆయన లెక్క సరైనదే నాయనా. నీ అధ్యాయంలో బావి ఎక్కడుంది?"