గులాబీకి చోటు

ఇసుక తప్ప ఇంకేమీ పండని మరుపురిని ఏలే చండవర్మకు గులాబీల మీద మనసైంది. తోటమాలి బాలెమ్మను పిలిపించి, పెరటి నడిమధ్యకు వేలు చూపించాడు. "అక్కడే నాటు. ఒక్క మొక్క ఎండినా నీ వీపు చిట్లగొట్టిస్తాను."

బాలెమ్మ తొణక్కుండా, "చిత్తం ప్రభూ. నేను పలుగు తెచ్చేదాకా తమరు అక్కడే నిలబడితే చోటు తప్పిపోదు" అంది.

మధ్యాహ్నపు ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె తాపీగా తిరిగొచ్చేసరికి రాజు పడమటి గోడ నీడన చతికిలబడి ఉన్నాడు. బాలెమ్మ ఆయన పాదాల పక్కనే పలుగు దింపింది.

"నేను చూపించింది ఇక్కడ కాదు కదే" అన్నాడు రాజు.

"తమరికి కాళ్లున్నాయి గనక ఇక్కడికొచ్చారు ప్రభూ. గులాబీకి లేవు, అందుకని నేనే తెస్తున్నాను."

రాజు కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు.